తవుడుకి కొన్న పిల్ల

ఆమదాలవలస దాటి రైలు పట్టాలకి అవతల ఒక జీడితోట ఉంది. పెద్ద తోటేం కాదు. ముందు భాగంలో ఒక తాటాకు పాక, పక్కన బోరు పంపు, కొమ్మలకి కట్టిన రెండు ఉయ్యాలలు. వేసవి సెలవుల్లో శైలజ టీచరు అక్కడ పిల్లలకి సమ్మర్ క్యాంపు పెట్టింది. పొద్దున్న దింపి వెళ్తే సాయంత్రం దాకా ఆవిడే చూసుకుంటుంది. బొమ్మలు గీయిస్తుంది, మట్టితో ఏనుగులు చేయిస్తుంది, పాటలు నేర్పుతుంది. మధ్యాహ్నం క్యారేజీలు తిన్నాక పాకలో చాపలు పరిచి పడుకోబెడుతుంది. ఉద్యోగాలకి పోయే తల్లులకి అంతకన్నా ఏం కావాలి?

నాదీ ఉద్యోగమే, నవ్వకండి. బజార్లో ఎండు చేపలు అమ్ముతాను. వేసవిలో సముద్రం మీద బోట్ల వేట ఆపేస్తారు కదా, ఆ రోజుల్లో పచ్చి చేప అంతగా దొరకదు. ఎండు నెత్తళ్ళు, రొయ్యపొట్టు అమ్ముకునే మాబోటి వాళ్ళకి అదే గిరాకీ కాలం. నా మొగుడు గంగులు గుజరాత్‌లో బోటు మీద పనికెళ్ళాడు, వానలకి ముందు గానీ రాడు. స్టేషను వెనక రేకుల గదిలో నేనూ, మా దుర్గా. ఎనిమిదేళ్ళ పిల్లని మే నెల ఎండలో ఆ రేకుల కింద ఒక్కదాన్నే వదిలి ఎలా పోను? బజార్లో నా పక్కన కూచోబెడితే లారీలు, కుక్కలు, తాగుబోతులు. అందుకే వీధిలో ఒకావిడ చేత డబ్బు పంపి క్యాంపులో చేర్పించాను, బజారు వదిలి టీచరు దగ్గరికి నేను పోలేకపోయాను. మొదటిరోజు సాయంత్రం అది మట్టి ఏనుగుని కొంగులో దాచిన గుడ్డులా పట్టుకుని తెచ్చింది. దానికి నాలుగు కాళ్ళు, రెండు తొండాలు. రెండోది ఎందుకే అంటే, ఒకటి విరిగిపోతే పనికొస్తుంది కదా అంది. ఆ రాత్రి నేనెంత నవ్వానో.

అంతకుముందు ఏ వేసవిలోనూ నాకు ఈ బెంగ లేదు. పక్క గదిలో గున్నమ్మ ఉండేది.

గున్నమ్మ గురించి చెప్పకపోతే ఇందులో ఏదీ మీకు అర్థం కాదు. దుర్గ నాకు మూడో కాన్పు. ముందు ఇద్దరూ పురిట్లోనే పోయారు. మూడోసారి నెల తప్పినప్పుడు మా వీధిలో పెద్దాళ్ళందరిదీ ఒకటే మాట, పుట్టగానే తవుడుకి అమ్మెయ్యి అని. మా వైపు ఇదేం వింత కాదు. బిడ్డలు దక్కని తల్లి, పుట్టిన బిడ్డని చేటలో పడుకోబెట్టి, ఇది నా బిడ్డ కాదని నోటితో చెప్పి, వేరే ఆడదానికి ఇచ్చేస్తుంది. ఆవిడ చేటెడు తవుడు ఇచ్చి కొనుక్కుంటుంది. చావు వచ్చి చూస్తే ఆ తల్లికి బిడ్డే లేదు కదా, ఇంకేం పట్టుకుపోతుంది? ఆ తర్వాత కొన్నావిడే, నా బిడ్డని నువ్వు సాకు అని తిరిగి చేతిలో పెడుతుంది. పిల్ల పెళ్ళినాడు తవుడు తిరిగిచ్చేసి మళ్ళీ మనం కొనుక్కోవాలి. మా జిల్లాలో ఏ ఊరెళ్ళినా తవిటయ్యలూ తవిటమ్మలూ తగిలేది అందుకే. మా దుర్గకీ ఇంట్లో పేరు తవిటమ్మే. దుర్గ బడి పేరు.

దాన్ని కొన్నది గున్నమ్మ. మొగుడు పోయాడు, పిల్లల్లేరు, రైసు మిల్లు నూకలు ఇంటికి తెచ్చుకుని చెరిగే పని. ఆవిడ చీరకి, జుట్టుకి, చివరికి ఆవిడ పెట్టే అన్నానికి కూడా తవుడు వాసనే. కమ్మగా, పొడిపొడిగా, ఎక్కడో కాస్త ముక్కినట్టు ఉంటుంది ఆ వాసన. అందరికీ అది ఒక తంతు. గున్నమ్మకి మాత్రం నిజం. చేటలో పిల్లని అందుకుని గుండెలకి హత్తుకుని చాలాసేపు వదల్లేదు. ఎట్టకేలకి నా ఒళ్ళో పెడుతూ నా చెవిలో అంది.

"లచ్చనమ్మా, ఒకసారి నా పిల్ల కాదన్నావు. అది సావుకి సెప్పిన అబద్దం. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట అనకు. రెండోసారి అన్నావంటే అది అబద్దం కాదు."

అలాగే అప్పా అన్నాను, అక్కని మేం అప్ప అనే పిలుస్తాం. అప్పుడు నాకది పెద్ద మాటగా తోచలేదు.

ఎనిమిదేళ్ళు దాన్ని పగలంతా చూసుకుంది గున్నమ్మే. నేను గంప దించి వచ్చేసరికి పిల్ల తలంటుకుని, గట్టిగా జడేసుకుని కూచునేది. జడ చివర రిబ్బను కాదు, గున్నమ్మ పాత చీర చింపిన ఎర్ర పేలిక. కన్నది నేను, కాచుకున్నది ఆవిడ. పోయిన కార్తీకంలో జ్వరం వచ్చి పోయింది. నేను బజారు నుంచి వచ్చేసరికి ఆవిడ మంచం మీద ఉంది, పిల్ల ఆవిడ పక్కన ముడుచుకుని పడుకుని ఉంది. గున్నమ్మని అది తవుడమ్మ అనే పిలిచేది. "తవుడమ్మ నిద్దరపోతన్నాది, గట్టిగా మాటాడకు" అని నాకే చెప్పింది. గున్నమ్మకి ఎవరూ లేరు. వీధివాళ్ళమే తలో చెయ్యీ వేసి సాగనంపాం.

సరే, క్యాంపు సంగతికి వస్తాను. ఇక్కడి నుంచి చెప్పడానికి నాకు నోరు రావడం లేదు, అయినా చెబుతాను.

సాయంత్రం గేటు దగ్గర తల్లులంతా స్కూటీలు ఆపి నిలబడతారు. నేను బజారు నుంచి తిన్నగా వెళ్తాను, నెత్తిన గంపతోనే. గంప ఇంట్లో దించి, స్నానం చేసి వెళ్ళాలంటే చీకటి పడుతుంది. నేను రాగానే వాళ్ళు కాస్త కాస్తగా పక్కకి జరిగేవారు. ఎవరూ ఏమీ అనరు. ముక్కు దగ్గరికి కొంగు పోతుంది, అంతే. వాళ్ళలో ఈశ్వరి గారని ఒకావిడ ఉంది, ఏదో ఆఫీసులో పని. మా రొయ్యపొట్టు ఆవిడకి ప్రాణం. పెరటి గుమ్మంలో నిలబడి గుప్పెడు ఎక్కువ వెయ్యమని బతిమాలుతుంది. గేటు దగ్గర మాత్రం నన్ను ఎప్పుడూ చూడనట్టే ఉండేది. ఎండుచేప పొయ్యి మీద ఉంటే కూర, గంపలో ఉంటే కంపు, లోకం తీరు అంతే అనుకున్నాను. పైకి అలా అనుకున్నానే గానీ, లోపల చచ్చినంత సిగ్గేసేది.

ఒకరోజు ఈశ్వరి గారి అబ్బాయి పృథ్వీరాజ్ దుర్గ పక్కన కూచోనన్నాడట. కంపట. ఆ రాత్రి పిల్లని కుంకుడుకాయతో రుద్దాను, నిమ్మతొక్కతో రుద్దాను, అది అబ్బా అంటున్నా వినలేదు. మర్నాడు సాయంత్రం గేటు దగ్గర, నా ఖర్మ కాలి, ఈశ్వరి గారు మొదటిసారి నావైపు తిరిగి మాట్లాడింది. ఎగతాళికి కాదు, పాపం మామూలుగానే అడిగింది, దుర్గ మీ పాపా అని.

అంతమంది తల్లులూ నన్నే చూస్తున్నారు.

"కాదమ్మా. మా ఈది పిల్ల. ఆళ్ళమ్మకి పని ఉంటాది, నాను తోడు తీసుకెల్తన్నాను, అంతే" అన్నాను.

దుర్గ అక్కడే కింద కూచుని చెప్పులు తొడుక్కుంటోంది. దాని చెయ్యి ఆగిపోయింది. తల ఎత్తలేదు.

పట్టాలు దాటాక దానికి నేర్పాను కూడా. ఆ మాట ఒక్కటే అయితే పొరపాటు అనుకోవచ్చు, నేను అంతటితో ఆగలేదు. గేటు దగ్గర నన్ను అమ్మా అనకు, సేపలమ్మా అను, నిన్నెవరూ ఏమీ అనరు అని చెప్పాను. మరి మీ అమ్మేదని ఎవరైనా అడిగితే అంది. పనికెళ్ళిందని చెప్పమన్నాను. సరే అని తలూపింది. బుద్ధిమంతురాలు, చెప్పింది చేస్తుంది. గున్నమ్మ నా చెవిలో అన్న మాట ఆ క్షణంలో గుర్తు రాలేదని మీతో అబద్ధం చెప్పను. వచ్చింది. చచ్చిపోయిన మనిషి మాట, ఎవరు పట్టించుకుంటారని తోసేశాను.

ఆ తర్వాత ఒకటి రెండు రోజులకే మొదలైంది.

ఆ సాయంత్రం దుర్గ గేటు లోంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. పొద్దున్న నేను వేసిన రెండు జడలు లేవు. ఒకే జడ, తల నరాలు లాగేసేంత బిగుతుగా. టీచరు ఎంత బాగా వేసిందే అన్నాను. టీచరు కాదు, అమ్మ వేసింది అంది. వీధిలో నడుస్తున్నవాళ్ళు ఎవరైనా వింటారేమోనని నేను ముందు అటూ ఇటూ చూశాను, చూడండి నా బుద్ధి. ఏ అమ్మే అని అప్పుడు అడిగాను. అది గెంతుకుంటూ ముందుకి పోయింది. జడ చివర ఏదో ఎర్రగా ఊగుతోంది.

ఇంటికెళ్ళి విప్పి చూస్తే గుడ్డ పేలిక. అంచు పాతబడి పీచులొచ్చిన ఎర్ర చీర ముక్క. తల దువ్వుతుంటే పాపిట్లోంచి సన్నగా పొడి రాలింది. వేలితో తీసి వాసన చూశాను.

తవుడు.

క్యారేజీ మూత తీస్తే అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. తినలేదేమే అంటే, అమ్మ పెట్టింది కదా, కడుపు నిండిపోయింది అంది. దాని భుజాలు పట్టుకుని, ఏ అమ్మే, ఎవరే అని గట్టిగా అడిగాను. భయపడుతుందనుకున్నాను. భయపడలేదు. ఎప్పుడూ తెలిసిన సంగతి నేనొక్కదాన్నే మర్చిపోయినట్టు నావైపు చూసింది.

"నన్ను కొనుక్కున్న అమ్మ" అంది.

మర్నాడు పంపలేదు. బజారుకి నాతో తీసుకెళ్ళి గోనె నీడలో కూచోబెట్టాను. మిట్ట మధ్యాహ్నం అయ్యేసరికి పిల్ల లేచి జీడితోట వైపు తిరిగి నిలబడింది. కూచోవే అంటే కూచోదు. ఎండ మాడ్చేస్తోంది, దానికి చెమట కూడా పట్టలేదు. ఎల్లాలి, ఎదురుచూస్తాది అంటోంది. ఏడుపు లేదు, మారాం లేదు, అదే మాట. ఇంకో రోజు అలా చూస్తే నాకు పిచ్చెక్కిపోతుందనిపించింది. క్యాంపుకే పంపి, మధ్యాహ్నం పూట నేనే వెళ్ళి నా కళ్ళతో చూస్తాను, ఏదైతే అదవుతుంది అనుకున్నాను.

గంప పక్కామెకి అప్పజెప్పి వెళ్ళాను. నడినెత్తిన ఎండ. తోట గేటు తీసే ఉంది. పాకలో పిల్లలు చాపల మీద పడి నిద్రపోతున్నారు. శైలజ టీచరు స్తంభానికి ఆనుకుని ఒక కునుకు తీస్తోంది. ఫ్యాను గిర్రున తిరుగుతోంది. దుర్గ చాప ఖాళీగా ఉంది. దాని చెప్పులు చాప పక్కన బుద్ధిగా జతగా పెట్టి ఉన్నాయి.

టీచర్ని లేపాలి కదా? లేపలేదు. లేపితే నువ్వెవరు, నీకెందుకు అంటుంది. ఆవిడకి నేను చేపలమ్మని మాత్రమే.

పాక వెనక నుంచి జీడిచెట్లలోకి దిగాను. జీడిచెట్టు కొమ్మలు నేలదాకా వంగుతాయి, ఒకసారి లోపలికెళ్తే పగలు కూడా మసక మసకగా ఉంటుంది. కింద రాలిన జీడిపళ్ళు కుళ్ళి పులిసిన కల్లులా వాసన కొడుతున్నాయి. ఈగలు ముసురుతున్నాయి. ఎండుటాకులు కాలి కింద పటపటమంటున్నాయి. అంతదాకా చెవులు హోరెత్తించిన కీచురాళ్ళు, నేను నాలుగు చెట్లు దాటేసరికి ఒక్కసారిగా ఆగిపోయాయి. ఈగలు కూడా లేవు.

అప్పుడు వినిపించింది.

సర్ర్... సర్ర్... టక్.

చేట చప్పుడు. ఎవరో నూకలు చెరుగుతున్నారు. సర్ర్... సర్ర్... చివర చేట అంచు మీద వేళ్ళతో ఒక చిన్న దెబ్బ. ఎనిమిదేళ్ళు పక్క గదిలోంచి ఆ చప్పుడు విన్నాను. ఆ దెబ్బ అలా కొట్టేది ఒక్కరే.

పులిసిన వాసన పోయింది. తవుడు వాసన... కమ్మగా... ముక్కుల్లోకి పొడి పోయినట్టు. కొమ్మ పక్కకి తీశాను.

దుర్గ అటువైపు తిరిగి కూచుని ఉంది. ఒక్కత్తే. కాళ్ళు చాపుకుని, తల వెనక్కి వాల్చి. ఎవరి ఒళ్ళోనో ఆనుకున్నట్టు వాలి ఉంది, కానీ వెనక ఏమీ లేదు. దాని జుట్టు మూడు పాయలుగా విడిపోయి... ఒక పాయ మీదికి ఇంకో పాయ... మెల్లగా, బిగుతుగా... అల్లుకుంటోంది. ప్రతి ముడికీ పిల్ల తల కాస్త వెనక్కి లాగినట్టు కదులుతోంది. నొప్పి పుట్టినప్పుడు అబ్బా అంటోంది. నవ్వుతోంది.

"తవిటమ్మా" అని పిలిచాను. పిలుపు గాలిలా వచ్చింది.

జుట్టు ఆగింది. చేట చప్పుడు ఆగింది. దుర్గ ఇటు తిరగలేదు. నా చెవి పక్కనే, ఊపిరి తగిలేంత దగ్గర నుంచి, ఎవరో అడిగారు.

"ఎవులి పిల్ల?"

గున్నమ్మ గొంతే. కోపం లేదు. ఎనిమిదేళ్ళ కిందట చేట అందుకుంటూ అడిగినట్టే అడిగింది. జవాబు నాకు తెలుసు. రెండు మాటలు. నా పిల్ల. నోరు తెరిచాను.

వెనక ఆకుల చప్పుడైంది. కొమ్మల్లోంచి ఈశ్వరి గారు, వెనకే శైలజ టీచరు. ఈశ్వరి గారు కొడుక్కి మజ్జిగ తెచ్చిందట, దుర్గ చాప ఖాళీగా ఉండడం చూసి టీచర్ని లేపిందట. నన్ను చూసి ఆగిపోయింది. చేపలామె, నువ్వేంటి ఇక్కడ అంది.

నోరు తెరిచే ఉంది. మాట రాలేదు.

భయం వల్ల రాలేదని మీరనుకుంటే బాగుండును. భయం కాదు. చెవి పక్కన చచ్చిన మనిషి ఊపిరి, ఎదురుగా నా కడుపున పుట్టిన పిల్ల, అయినా నేను ఆలోచించింది వాళ్ళు ఏమనుకుంటారా అని. మొన్న కాదన్నది ఇవాళ అవునంటే, ఇన్నాళ్ళూ కన్నపిల్లని కాదందా ఈవిడ అనుకుంటారని. నోరు మూసేశాను.

చెవి పక్కన ఊపిరి తొలగిపోయింది. అలిగి వెళ్ళిపోయినట్టు కాదు. అయితే సరే అన్నట్టు.

దుర్గ లేచింది. ఎవరో చెయ్యి వదిలితే కిందికి పడినట్టు దాని కుడిచెయ్యి పక్కకి జారింది. అది టీచరు దగ్గరికి నడిచింది. జడ పూర్తిగా వేసి ఉంది. చివర ఎర్ర పేలిక.

"ఇప్పుడే కదా ఆవిడ ఇటు వచ్చింది, దుర్గ వాళ్ళమ్మ" అంటూ ఈశ్వరి గారు చెట్ల లోపలికి చూసింది. "ఎర్రచీర పెద్దావిడ. మొన్న మధ్యాహ్నం వచ్చినప్పుడు కూడా ఇక్కడే కనిపించింది. పిల్లకి తలదువ్వుతోంది పాపం."

శైలజ టీచరు కూడా ఔనన్నట్టు తలూపింది.

నేను తలొంచుకుని గేటు దాకా వచ్చేశాను. గేటు బయట బోరు కాలవ దగ్గర కూచుని ఏడ్చాను. గున్నమ్మ మీద కాదు, నా మీద నాకే రోత పుట్టి ఏడ్చాను. ఆవిడ దెయ్యమై కూడా పిల్లకి తలదువ్వడానికి వచ్చింది. నేను బతికుండి నాదని చెప్పలేకపోయాను.

క్యాంపు ఇంకొక్క రోజే ఉంది. ముగింపు రోజు సాయంత్రం తల్లుల్ని పిలిచి పిల్లల చేత దండలు వేయిస్తారని టీచరు ముందే చెప్పింది. ఆ పొద్దున్న నేను రైసు మిల్లుకెళ్ళి కొత్త తవుడు తెచ్చాను. కొత్త చేట కొన్నాను. పెళ్ళిదాకా ఆగేది లేదు, ఇవాళే నా పిల్లని నేను కొనుక్కుంటాను అనుకున్నాను. నలుగురూ రాకముందే తోట వెనకగా దిగి, ఆ జీడిచెట్టు కింద చేటెడు తవుడు పెట్టి, ఆకుల్లో మోకాళ్ళ మీద కూచున్నాను.

"అప్పా, తప్పు నాదే. నీ తవుడు నీకిచ్చేస్తన్నాను. నా గుంటని నాకిచ్చెయ్యి" అన్నాను.

ఏ చప్పుడూ లేదు. కీచురాళ్ళు అరుస్తూనే ఉన్నాయి. ఒప్పుకుందనే అనుకున్నాను.

సాయంత్రం బజారు నుంచి గంపతోనే వెళ్ళాను. కావాలనే వెళ్ళాను. పాకలో కుర్చీలు వేశారు, తల్లులు పట్టుచీరలు కట్టుకొచ్చారు. నా గంప వాసనకి ముందు వరుస మొత్తం వెనక్కి తిరిగింది. టీచరు మైకులో దుర్గ పేరు చదివి, వాళ్ళమ్మ వచ్చారా అని అడిగింది. అందరూ చెట్లవైపు చూశారు.

గంప కింద దించి లేచి నిలబడ్డాను. "దుర్గ నా పిల్ల. నా కడుపున పుట్టింది. సిగ్గుపడి కాదన్నాను. మీ ముందర కాదన్నాను కాబట్టి మీ ముందరే సెప్తన్నాను. అది నా పిల్ల."

ఈశ్వరి గారు తల దించేసుకుంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూశాను, ఆవిడ మీద ఉన్న కోపమంతా పోయింది. టీచరు మైకు పక్కన పెట్టి దుర్గ భుజం తట్టింది, వెళ్ళి అమ్మకి దండ వెయ్యమ్మా అంది. దుర్గ రంగుకాగితాల పువ్వుల దండ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నేను వంగాను. నా మెడలో వేసింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంటికి వస్తుంటే నా ప్రాణం ఎంత తేలికపడిందో. ఒక చంకన గంప, ఇంకో చేత్తో పిల్ల చెయ్యి. పట్టాలు దాటాం, స్టేషను దాటాం. వీధిలో అందరికీ కనిపించేలా దండ తియ్యకుండానే నడిచాను. రాత్రికి నీకు గుడ్డు పులుసు పెడతానే అంటే ఊ అంది. చీకటి పడడానికి ఇంకా కాస్త వెలుగుంది.

మా గది గుమ్మం ముందు చేట ఉంది.

నేను పొద్దున్న కొన్న కొత్త చేటే. నిండా తవుడు. ఒక్క చారెడు కూడా తగ్గలేదు. మధ్యలో మాత్రం గుంట పడి ఉంది... మెత్తగా, నున్నగా... పురిటిబిడ్డని కాసేపు పడుకోబెట్టి తీసినంత.

తోటలో పెట్టింది తిరిగొచ్చింది. ఆవిడ పుచ్చుకోలేదు.

దుర్గ నా చెయ్యి వదిలించుకుని, చేటని దాటి గుమ్మం ఎక్కింది. తలుపుకి ఎదురుగా నిలబడి నావైపు తిరిగింది. చెయ్యి పైకెత్తి నా మెడలోంచి ఆ కాగితాల దండ జాగ్రత్తగా తీసుకుంది, పువ్వులు నలగకుండా.

"ఇది అమ్మకి. టీచరు ఎయ్యమంటే నీకేసాను" అంది. కోపం లేదు, ఎగతాళి లేదు. నేను నేర్పినట్టే, గేటు దగ్గర ఎలా మాట్లాడమన్నానో అచ్చం అలాగే, మర్యాదగా అంది. "తీసుకొచ్చావు కదా, ఇంక నువ్వెల్లు సేపలమ్మా. సీకటి పడిపోతన్నాది. అమ్మ లోపల ఉన్నాది."

తలుపు అవతల నుంచి చేట చప్పుడు. సర్ర్... సర్ర్... టక్.

తలుపుకి పొద్దున్న వేసిన తాళం వేసినట్టే ఉంది. తాళంచెవి నా కొంగుకే ముడేసి ఉంది.